వెనక తలుపు దగ్గర ఫొటోలు

ఆ ఎండాకాలం మొదలయ్యేనాటికి మా ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివినదాన్ని నేనే, అందరికంటే తక్కువ పని వచ్చినదాన్నీ నేనే. డిగ్రీ చేతికొచ్చి రెండు నెలలైంది. మా ఇంటి నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషినని మా అన్న నా పట్టాకు ఫ్రేము కట్టించి తన ఫొటో స్టూడియోలో తగిలించాడు. అప్పటినుంచి వీధిలో నా అసలు పేరు పోయి 'పట్టా' మిగిలింది. "పట్టా, ఈ కాగితంలో ఏముందో చూడు," "పట్టా, ఆ అర్జీ కాస్త రాసిపెట్టు," అని అందరూ వచ్చేవాళ్ళు. కాదనకుండా రాసిపెట్టేదాన్ని. మిగతా వేళల్లో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని ఫొటోలు సరిచేసేదాన్ని. మొటిమలు తీసెయ్యడం, కళ్ళ కింద నలుపు తుడవడం, నలిగిన కాలరు తీర్చడం నా పని.

వదిన చొక్కాలు కుట్టే షెడ్డులో పనిచేసేది. అక్కడ ఒక్కో మనిషికి చొక్కాలో ఒక్కో భాగం. వదినవి కాలర్లు. నా చదువు ఆ కాలర్ల మీదే నడిచింది.

షెడ్డువాళ్ళు అందరికీ గుర్తింపు కార్డులు ఇస్తామన్నప్పుడు ఫొటోల పని వదినే అన్నకు ఇప్పించింది. మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు బయట గోడకు తెల్లగుడ్డ కట్టి, ముందు స్టూలు వేశాం. మొత్తం ముప్ఫై ఒక్కమంది. నేను పక్కన నిలబడి వరసగా పేర్లు రాసుకున్నాను.

కార్డు ఫొటోకు ఒక నియమం ఉంది. నవ్వకూడదు. పెదవులు కలిపి నేరుగా చూడాలి, లేకపోతే కార్డు తిప్పి పంపుతారు. అన్న ప్రతివాళ్ళకూ అదే చెప్పాడు. నవ్వొద్దంటే ఆడవాళ్ళకు నవ్వు ఆగుతుందా? ఒకరు సర్దుకుని కూర్చునేసరికి వెనక నుంచి ఇంకొకరు ఏదో అనేవాళ్ళు. అందరిలోకీ బొత్తాలు కుట్టే పెద్దమ్మ మరీను.

"ఏమయ్యా అల్లుడూ, మా పిల్లను కట్టుకున్నావు బాగానే ఉంది. మమ్మల్ని కూడా నవ్వనివ్వవా?"

"కార్డు తిప్పి పంపుతారు పెద్దమ్మా."

"పంపితే పంపనీ. మొహం మాడ్చుకుంటే బొత్తాలు గట్టిగా పడతాయా?"

ఐదుసార్లు తీస్తే ఐదుసార్లూ పళ్ళన్నీ కనిపించాయి. ఆరోసారికి అన్న విసుక్కున్నాడు. "పెద్దమ్మా, అవతల ఇంకా పదిమంది ఉన్నారు. నాకు పనుంది." ఆవిడ చిన్నబుచ్చుకుంది. మొహం బిగించి కూర్చుంది. ఫొటో కుదిరింది. కెమెరాలో చోటు చాలదని మిగతా ఐదూ అన్న అక్కడికక్కడే చెరిపేశాడు.

ఫొటోలు తీసిన పద్దెనిమిదో రోజున షెడ్డు కాలింది.

పగలు పదకొండు గంటలకు. ముందు తలుపు పక్కన ఇస్త్రీ బల్లలుండేవి, మంట అక్కడ పుట్టింది. వెనక తలుపుకు తాళం. బట్ట దొంగతనంగా పోతోందని ఎప్పుడో వేసిన తాళం అది. దానికి అడ్డంగా మనిషెత్తున బట్ట మూటలు. తొమ్మిదిమంది ఆ తలుపు దగ్గరే దొరికారు. ఇంతకంటే రాయను. చూసినవాళ్ళు ఇంకా మా వీధిలోనే ఉన్నారు.

సాయంత్రానికి పేపరువాళ్ళు స్టూడియోకు వచ్చారు. అన్న అప్పటికి ఆస్పత్రిలో వదిన మంచం దగ్గర ఉన్నాడు. ఫోన్ చేస్తే "ఇచ్చెయ్" అని పెట్టేశాడు. నేనే జాబితా ముందు పెట్టుకుని ముప్ఫై ఒకటిలోంచి తొమ్మిది విడదీశాను. మర్నాడు పేపర్లో అవే వచ్చాయి. ఆ వారం కాలిన షెడ్డు గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీదా అవే. తొమ్మిది మొహాలు, ఒక్కరూ నవ్వడం లేదు.

పది రోజుల తర్వాత బొత్తాల పెద్దమ్మ కూతురు ఆ పేపరు మడిచి పట్టుకుని స్టూడియోకు వచ్చింది. అన్న బట్టలు మార్చుకోవడానికి అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చాడు.

"మా అమ్మ ఇలా ఉండదన్నా," అంది. "ఎవరినో తిడుతున్నట్టుంది. ఇంకోటి ఏదైనా ఉందేమోనని."

"లేదమ్మా."

"ఆరోజు అందరినీ తెగ నవ్వించిందట కదా. ఇంటికొచ్చి చెప్పింది. 'మీ అన్న ఐదుసార్లు ఓడిపోయాడే,' అని."

"చెరిపేశాను."

ఆ పిల్ల పేపరు మళ్ళీ మడతల వెంటే మడిచింది. తిట్టినా బాగుండేది. ఆమె వీధి మలుపు తిరిగాక అన్న కెమెరా సంచిలో పెట్టి బీరువా మీదికి తోసేశాడు. ఆనాటినుంచి మా స్టూడియోలో జెరాక్సులు మాత్రమే. ఎవరైనా ఫొటో అని వస్తే "కెమెరా పాడైంది" అనేవాడు. పాడైనది కెమెరా కాదని వీధంతటికీ తెలుసు. అయినా ఎవరూ అడగలేదు.

నలభై రోజులకు వదిన ఇంటికొచ్చింది. ఎడమ చెవి కింద నుంచి గడ్డం దాకా, అక్కడి నుంచి మెడ మీదికి, ఎడమ మోచేతి కింద కొంత కాలింది. కట్లు పోయాయి. కొత్త చర్మం ఎర్రగా, బిగుతుగా, గీతలు గీతలుగా ఉంది. అది లాగడంతో పెదవి ఎడమ కొస కొంచెం పైకి లేచింది. వచ్చినరోజే అద్దం ఏదంది. అన్న నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

"పరుపు కింద పెట్టారు కదూ," అంది వదిన. "ఈ ఇంట్లో ఏది దాచినా అక్కడే." తనే లాగి తీసుకుంది. చాలాసేపు చూసుకుంది.  చివరికి అద్దం ఒళ్ళో పెట్టుకుని, "చెవి మిగిలిందిలే," అంది.

ఇంకో మూడు వారాలకు కబురొచ్చింది. పాత షెడ్డు యజమాని పత్తా లేడు. ఊరికి ఆ చివర చొక్కాలు కుట్టే షెడ్డే ఇంకోటి ఉంది. మిగిలిన ఇరవై రెండుమందినీ ఒకటో తారీఖు నుంచి పనిలోకి తీసుకుంటారట. గుర్తింపు కార్డులు మాత్రం ఎవరికివాళ్ళు ఫొటోతో ముందే చేయించుకోవాలట.

"వెళ్తాను," అంది వదిన.

"ఇంకో ఆర్నెల్లు ఆగవే," అన్నాడు అన్న.

"ఆగితే చెంప మారుతుందా? ఇంట్లో కూర్చుంటే నాకు రోజంతా నా మొహమే గుర్తొస్తోందండీ. మిషను ముందు కూర్చుంటే కాలరు గుర్తొస్తుంది. అది నయం కదా?"

మిగతావాళ్ళకు పాత ఫొటోలతోనే కొత్త కార్డులు వేసుకోవచ్చు. వదిన ఒక్కదానికే కొత్తది కావాలి. అన్న తియ్యనంటే తియ్యనన్నాడు. "అందరికీ తీశాను చాలు. నీకు నా చేత్తో తియ్యను." బతిమాలితే బయటికి వెళ్ళిపోయాడు. అప్పుడు నేను బీరువా మీంచి కెమెరా దించి, వదినను కూర్చోబెట్టి, చేతనైనట్టు తీశాను.

నేను చేసిన తప్పు ఆ తర్వాతది. తప్పని అప్పుడు తెలియలేదు. మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను. ఫొటో కంప్యూటర్లో పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. కుడి చెంపను తీసి, తిప్పి, ఎడమ చెంప మీద అతికించాను. పెదవి కొసను కిందికి దించాను. మెడ మీది గీతలు ఒక్కొక్కటీ తుడిచాను. నా చేతిలో అంత బాగా కుదిరిన పని అంతకుముందు లేదు. వదినకు చూపించాను. కాసేపు చూసి "బాగుంది" అంది. ఆ మాట ఎలా అందో వినిపించుకోలేదు. నా సంబరం నాది.

ఒకటో తారీఖు పొద్దున తోడుగా నేనూ వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కో కార్డూ చూసి, మొహం చూసి లోపలికి పంపిస్తున్నాడు. వదిన వంతు వచ్చింది. అతను కార్డు చూశాడు, వదినను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు.

"ఈ కార్డు ఎవరిదమ్మా?"

"నాదే."

"ఇందులో ఉన్నావిడ వేరే కదమ్మా."

"నేనేనయ్యా."

"చూడండమ్మా, నాకు చెప్పింది ఒకటే. కార్డూ మొహమూ కలవాలి. ఈవిడకు చెంప నున్నగా ఉంది. మీ చెల్లెలిది పొరపాటున పట్టుకొచ్చారేమో చూసుకోండి."

అతను వెటకారంగా అనలేదు. వెటకారమే అయితే తిట్టి ఊరుకునేవాళ్ళం. వెనక వరసలో ఉన్నవాళ్ళంతా నేల చూస్తున్నారు. నేను ముందుకెళ్ళి, "ఆవిడే అండీ, ఫొటో నేనే కొంచెం సరిచేశాను," అన్నాను.

"ఏం సరిచేశారు?" అన్నాడు.

నిజంగా తెలియక అడిగాడు.  వదిన మెడకు చుట్టుకున్న గుడ్డ సర్దుకుని వెనక్కి తిరిగింది.

 ఇంటి గడప దాటాక అంది, "చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదే. నిప్పు కాల్చి వదిలేసింది. నువ్వయితే అసలు నన్నే లేకుండా చేశావు."

"వదినా, నేను నీ కోసమే..."

"నాకు తెలుసు. అందుకే ఆరోజు బాగుందన్నాను. నాదీ తప్పే."

నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకు. నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాలి. నాకిప్పుడు అంత తీరిక లేదు." అంటూనే స్టూడియోలోకి నడిచింది. జెరాక్సు కాగితాలు సర్దుకుంటున్న అన్న ముందు నుంచి స్టూలు లాక్కుని తెల్లతెర ముందు వేసుకుని కూర్చుంది. మెడకున్న గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమండీ, కెమెరా దించండి."

"నావల్ల కాదే."

"ఎవరివల్ల అవుతుంది? మీ చెల్లెలు తీస్తే నేను నేను కాకుండా పోయాను. గేటులోంచి వెనక్కి పంపారు. ఇవాళ నేను ఇంట్లో కూర్చుంటే ఇక లేవను, నా సంగతి నాకు తెలుసు. దించండి."

అన్న దించాడు. తీరా చూస్తే బ్యాటరీలో ఛార్జింగ్ లేదు. ఛార్జింగ్‌లో పెట్టి ముగ్గురం గంటసేపు ఎదురుబొదురుగా కూర్చున్నాం. నేను టీ పెట్టాను. వదిన స్టూలు మీంచి లేవలేదు. టీ కూడా అక్కడే తాగింది, లేస్తే ఆయన తలుపు వేసుకుని పోతాడేమో అన్నట్టు.

దీపాలు వేశాక అన్న కెమెరాలోంచి చూశాడు. పదిహేనేళ్ళ అలవాటు, ముందూ వెనకా చూసుకోకుండా నోట్లోంచి వచ్చేసింది.

"నవ్వొద్దు."

అన్నాక తనే బిగుసుకుపోయాడు. కెమెరా వెనక ఆయన మొహం నాకు కనిపించలేదు. వేళ్ళు మాత్రం కనిపించాయి.

"నేను నవ్వడం లేదండీ," అంది వదిన. "చర్మం లాగుతోంది. ఇక మీరు జీవితాంతం నవ్వొద్దన్నా ఈ వైపు వినదు."

 అన్న ఒక దీపం కొంచెం ఎడమకు జరిపాడు, ఆ వైపు నీడ పడకుండా. ఊపిరి బిగబట్టి నొక్కాడు. తర్వాత మళ్ళీ నొక్కాడు. ఫొటో కంప్యూటర్లో తెరిచినప్పుడు నా చెయ్యి దానంతట అదే చెంప మీదికి పోయింది.

"తాకకు," అన్నాడు అన్న.

మర్నాడు వాచ్‌మన్ కార్డు చూసి, వదినను చూసి, పక్కకు తప్పుకున్నాడు.

సాయంత్రం వదిన ఇంటికొచ్చి చేతులు కూడా కడుక్కోకుండా కూర్చుంది. "అక్కడా అంతే," అంది.

"ఏం అంతే?"

"వెనక తలుపు. తాళం లేదు, మంచిదే. కానీ దాని ముందు మూటలు. పొద్దున సూపర్‌వైజర్‌తో అంటే 'సాయంత్రానికి తీయిస్తానమ్మా' అన్నాడు. తీయించాడు కూడా. ఇంటికొచ్చే ముందు చూస్తే కొత్త మూటలు దించుతున్నారు."

"అర్జీ రాయనా?" అన్నాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

"రాయి," అంది.

రాశాను. ఇరవై రెండుమందీ సంతకాలు పెట్టారు. సూపర్‌వైజర్ చదివి, దస్తూరి ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నాడట. ఆ వారంలో మూటలు నాలుగుసార్లు జరిగాయి, నాలుగుసార్లూ తిరిగొచ్చాయి. అతను చెడ్డవాడు కాదు. చోటు లేదు, కళ్ళముందు ఖాళీగా కనిపించే చోటు అదొక్కటే. పాత షెడ్డులో కూడా మొదట్లో అంతేనట.

ఈలోగా వదిన ఫొటో సంగతి అందరికీ తెలిసింది. మొహం మీద కాకపోయినా, కాలిన గాయాలున్నవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. చేతుల అక్క, అంటే చొక్కా చేతులు కుట్టే ఆవిడ, మొదట వచ్చింది. "నాకూ అలాగే తియ్యి తమ్ముడూ. ఏదీ తుడవకుండా. కార్డులో ఉన్నది అప్పటి నేను. అది వేరే మనిషి." తర్వాత గాయాలు లేనివాళ్ళూ వచ్చారు. వాళ్ళ మొహాలు కూడా పాత ఫొటోలతో కలవడం లేదని అన్నకు అప్పుడు తెలిసింది. ఏ గేటూ ఆపకపోయినా, మూడు నెలల్లో ఇరవై ఏళ్ళ వయసు మీద పడిన మనుషులు వాళ్ళు. ఒక్కొక్కరికీ అన్న దీపం సర్ది, అడిగి అడిగి తీశాడు. నవ్వొద్దని ఎవరితోనూ అనలేదు. నవ్వమనీ అనలేదు. ఇష్టమొచ్చినట్టు కూర్చోమన్నాడు.

ఇరవై రెండూ అయ్యాక వదిన వాటిని నేల మీద పరిచి చూసింది. "ఇవీ, ఆ తొమ్మిదీ కలిపి ఫ్రేములు కట్టండి," అంది. "ఆ వెనక తలుపు చుట్టూ పెడదాం."

అన్నకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత లేచి టేపు తీసుకున్నాడు. "ఎంత ఎత్తులో కావాలి?"

"మూటలు ఎంత ఎత్తు వస్తాయో అంత ఎత్తులో."

తొమ్మిదిమంది ఇళ్ళకూ అన్న స్వయంగా వెళ్ళాడు. నా ఫొటో మీకు నచ్చకపోతే మీ దగ్గరున్నది ఇవ్వండి, అదే పెడతాను అని అడిగాడు. నలుగురు ఇచ్చారు. బొత్తాల పెద్దమ్మ కూతురి దగ్గర వేరే ఫొటో లేదు. ఆ ఇంటికి వదిన కూడా వెళ్ళింది, వెంట నేను.

"అదైతే వద్దన్నా," అంది ఆ పిల్ల. "అందరూ చూస్తారు. మా అమ్మను ఎరగనివాళ్ళు ఈవిడ గయ్యాళి అనుకుంటారు."

వదిన ఆమె పక్కన కూర్చుంది. "నీకో మాట చెప్పాలి. చెప్పడానికి నోరు రాక ఇన్నాళ్ళూ నీ కంటబడకుండా తిరిగాను. మా వరసలో కిటికీ ఉంది చూడు, ఎత్తుగా. నన్ను దాని మీదికి ఎక్కించింది మీ అమ్మే. నాకు కాళ్ళు రాలేదు. నేను నిలబడి ఏడుస్తున్నాను. 'ఏడుపు తర్వాతే, ఎక్కవే మొద్దూ!' అని నడుం పట్టుకుని తోసింది. తిరిగి చూస్తే..." వదిన ఆగింది. "తిరిగి చూస్తే మొహం అచ్చం ఈ ఫొటోలోలాగే ఉంది. పళ్ళు బిగించి, నామీద కోపంగా. ఆ షెడ్డులో నేను చూసిన ఆఖరి మొహం అదే. నాకు ఈ ఫొటోలో మీ అమ్మే కనిపిస్తుంది."

ఆ పిల్ల మడతలు పడిన పేపరు తెచ్చి చాలాసేపు చూసింది. అన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మొద్దూ అందా?" అంది చివరికి.

"అంది."

"నన్నూ అలాగే అనేది." కళ్ళు తుడుచుకుంది. "అయితే అదే పెట్టండి. కోపంగానే ఉండనివ్వండి. అక్కడ ఒకరైనా కోపంగా ఉండాలి."

సెలవురోజున సూపర్‌వైజర్‌ను అడిగి లోపలికి వెళ్ళాం. 'చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా కొన్ని ఫొటోలు' అంటే కాదనలేకపోయాడు. ఎక్కడ అని అడగలేదు, మేం చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో నా నిజాయితీ కొంచెం పక్కన పెట్టాను. మూటలన్నీ మేమే జరిపాం. అన్న నిచ్చెన వేసుకుని మేకులు కొట్టాడు. తలుపుకు రెండు వైపులా, మోకాలి ఎత్తు నుంచి తల ఎత్తు దాకా ముప్ఫై ఒకటి. తొమ్మిదీ తలుపుకు అతి దగ్గరగా. బతికినవాళ్ళు వాళ్ళ పక్కన. వదిన ఫొటో పెద్దమ్మ పక్కన.

మర్నాడు పొద్దున ఫ్రేముల కింద పేర్ల చీటీలు అంటించడానికి నేను వెళ్ళాను. మిషన్లు అప్పుడే మొదలయ్యాయి. సూపర్‌వైజర్ గోడ చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏమిటమ్మా ఇది? జ్ఞాపకం అంటే పైన ఎక్కడో ఒక మూల పెడతారు గానీ, పనిచేసే చోట ఇన్ని మొహాలేమిటి? ఏడుపు రాదూ చూస్తే?"

"వచ్చినవాళ్ళు ఏడుస్తారు లెండి," అంది వదిన, తల ఎత్తకుండా కాలరు తిప్పుతూ. "ఏడుస్తూ కూడా కుడతాం. మాకు అలవాటే."

"తీయించెయ్యాల్సి వస్తుంది."

"ముప్ఫై ఒకటి ఉన్నాయి సార్. తీసేవాళ్ళు ఒక్కొక్కరి మొహం చూస్తూ తియ్యాలి. మీరు తీస్తారా?"

అతను ఏదో అనబోయాడు. చేతుల అక్క మిషను ఆపింది. పక్కనావిడ ఆపింది. అలా వరసగా ఒక్కొక్కటీ ఆగి, షెడ్డంతా నిశ్శబ్దమైంది. ఎవరూ లేవలేదు, ఎవరూ అరవలేదు. ఊరికే అతనివైపు చూస్తూ కూర్చున్నారు. నా చేతిలో జిగురు ఆరిపోతోంది.

సరిగ్గా అప్పుడే మూటలు మోసే మనిషి వీపు మీద బరువుతో లోపలికొచ్చాడు. వంగి నడుస్తున్నాడు కాబట్టి అతనికి మా గొడవేమీ తెలియదు. "సార్, ఎక్కడ దించమంటారు?"

సూపర్‌వైజర్‌కు అలవాటు. వెనక్కి తిరిగి చూడకుండానే తలుపు వైపు చెయ్యి చూపించాడు. "అక్కడే, ఎప్పుడూ పెట్టే చోటే."

ఆ మనిషి వంగినవాడు వంగినట్టే తలుపు దాకా వెళ్ళాడు. అతని తల ఎత్తుకు సరిగ్గా ఎదురుగా తొమ్మిది ఫొటోలు. అక్కడ ఆగిపోయాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. వీపు మీద మూటతోనే, ఎవరికో దారి ఇచ్చినట్టు పక్కకు ఒదిగాడు.

"ఇక్కడెలా సార్?" అన్నాడు. "మనుషులున్నారు."